‘తెలిసీ’ అన్న ఒక్క మాట: యుద్ధవార్తల ప్రసారంలో యథార్థత, జవాబుదారీతనం – హట్టన్ విచారణ (2003-04) ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం

ఇరాక్ యుద్ధ నేపథ్యంలో 2003 మే 29న బి.బి.సి. రేడియోలో ప్రసారమైన ఒక వాక్యం చుట్టూ రేగిన వివాదం బ్రిటన్‌లో న్యాయవిచారణకు, ఆ సంస్థ అధిపతుల రాజీనామాలకు దారితీసింది. యుద్ధవార్త ‘నిజమా, కాదా’ అన్న ప్రశ్నకూ, ఆ వార్త ‘ఏ ఆధారంతో, ఏ మాటలతో చెప్పబడింది’ అన్న ప్రశ్నకూ మధ్య ఉన్న తేడాను ఈ ఉదంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పోలిక కోసం 1998 నాటి సి.ఎన్.ఎన్. ‘టెయిల్‌విండ్’ కథనాన్ని, తెలుగు వార్తాభాషలోని కొన్ని ప్రయోగాలను, 2025 మే నాటి భారతీయ టెలివిజన్ అనుభవాన్ని ప్రస్తావిస్తుంది.

కీలకపదాలు: ప్రసార పాత్రికేయం, యుద్ధవార్త, సమాచారమూలం, హట్టన్ విచారణ, వార్తాభాష, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం

అచ్చులో వచ్చే వార్త విలేఖరి చేతినుంచి పాఠకుడి చేతికి చేరేలోగా కనీసం మరొకరి కన్ను దానిమీద పడుతుంది. ఉపసంపాదకుడు ఒక విశేషణాన్ని కొట్టివేస్తాడు, ఒక క్రియను మారుస్తాడు, ‘ఇది ఎవరు చెప్పారు?’ అని అడుగుతాడు. ప్రత్యక్ష ప్రసారంలో ఆ వ్యవధి లేదు. నోటినుంచి వెలువడిన మాటే ప్రచురణ. మౌఖిక సంప్రదాయాలను అధ్యయనం చేసేవారికి ఈ స్థితి కొత్తది కాదు. కథకుడు ప్రతి ప్రదర్శనలోనూ పాఠాన్ని కొంత మార్చి చెబుతాడు. అక్కడ ఆ మార్పు కళలో భాగం. యుద్ధవార్తలో అదే మార్పు ఒక ప్రభుత్వాన్ని అబద్ధాలకోరుగా నిలబెట్టగలదు, ఒక మనిషిని వీధికి ఈడ్వగలదు.

యుద్ధకాలపు ప్రసారాలపై జరిగే చర్చ సాధారణంగా ప్రభుత్వ ప్రచారం, సెన్సారు, దేశభక్తి అన్న మూడు మాటల చుట్టూ తిరుగుతుంది. వాటి ప్రాధాన్యం కాదనలేనిదే. అయితే ప్రభుత్వాన్ని ప్రశ్నించిన ప్రసారంలోనే లోపం దొర్లితే ఏమవుతుందన్న అంశం అంత తరచుగా చర్చకు రాదు. హట్టన్ విచారణ ఆ అంశాన్ని అసాధారణమైన వివరాలతో నమోదు చేసింది. ఉత్తరాలు, ఈమెయిళ్లు, విలేఖరి గమనికలు, ప్రసారపాఠాలు బహిరంగపరచినందువల్ల, ఒక వార్త పుట్టుకను వాక్యస్థాయిలో పరిశీలించగల అవకాశం పరిశోధకులకు దక్కింది.

2. నలభై అయిదు నిమిషాలు

2002 సెప్టెంబరు 24న బ్రిటిష్ ప్రభుత్వం ఇరాక్ వద్ద ఉన్నాయన్న సామూహిక జనహనన ఆయుధాలపై ఒక డోసియర్ వెలువరించింది. ఆజ్ఞ వెలువడిన 45 నిమిషాల్లో కొన్ని ఆయుధాలను ప్రయోగానికి సిద్ధం చేయగల స్థితి ఇరాక్‌కు ఉందన్నది అందులోని ఒక అంశం. ప్రధాని టోనీ బ్లెయిర్ రాసిన ముందుమాటలోనూ అది చోటుచేసుకుంది. బ్రిటన్‌కే 45 నిమిషాల దూరంలో ప్రమాదం పొంచి ఉందన్న ధ్వనితో కొన్ని పత్రికలు పతాకశీర్షికలు పెట్టాయి.

ఆ నిఘా సమాచారం నిజానికి యుద్ధభూమిలో వాడే స్వల్పశ్రేణి ఆయుధాల గురించినది. దూరదేశాలను తాకే క్షిపణుల గురించినది కాదు. డోసియర్ ఆ తేడాను చెప్పలేదు. పత్రికలు తప్పుగా అర్థం చేసుకున్నాయని తెలిసినా తాను సవరించే ప్రయత్నం చేయలేదని రక్షణమంత్రి జెఫ్ హూన్ తరువాత హట్టన్ విచారణలో అంగీకరించారు. విలేఖరి పొరపాటుపై ఇన్ని పుటలు రాయబడిన ఈ వివాదంలో మంత్రి మౌనంపై రాయబడినవి బహు తక్కువ. తప్పుడు మాట చెప్పినవాడిని పట్టుకోవడం సులభం. తప్పుడు అర్థం వ్యాపిస్తుంటే చూస్తూ ఊరుకున్నవాడిని పట్టుకోవడానికి ప్రసార నియమావళుల్లో నిబంధన ఉండదు.

2003 మార్చిలో యుద్ధం ఆరంభమైంది. ఏప్రిల్‌లో బాగ్దాద్ పతనమైంది. మే చివరికి కూడా ఆయుధాల జాడ కనబడలేదు. ఆ నేపథ్యంలోనే బి.బి.సి. రేడియో 4 ‘టుడే’ కార్యక్రమానికి రక్షణ విలేఖరిగా ఉన్న ఆండ్రూ గిలిగన్, మే 22న లండన్‌లోని ఛేరింగ్ క్రాస్ హోటల్‌లో డాక్టర్ డేవిడ్ కెల్లీని కలుసుకున్నాడు. కెల్లీ సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు, ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీల్లో పాల్గొన్నవాడు, బ్రిటిష్ రక్షణశాఖ నిపుణుడు. పేరు వెల్లడించరాదన్న ఒప్పందంపై ఆ సంభాషణ సాగింది. శబ్దముద్రణ లేదు. విలేఖరి చేతిలోని చిన్న ఎలక్ట్రానిక్ యంత్రంలో టైపు చేసుకున్న గమనికలే ఆధారం.

3. ఉదయం 6:07

మే 29 ఉదయం 6 గంటల 7 నిమిషాలకు గిలిగన్ తన ఇంటినుంచి ప్రసారంలో పాల్గొన్నాడు. కార్యక్రమ నిర్వాహకుడు జాన్ హంఫ్రీస్ ప్రశ్నలడుగుతుంటే, ముందుగా రాసుకున్న పాఠం లేకుండా బదులిచ్చాడు. డోసియర్‌ను ప్రచురణకు వారం ముందు ప్రధాని కార్యాలయం ఒత్తిడితో మరింత ఆకర్షణీయంగా తీర్చారని, 45 నిమిషాల అంశం తప్పని ప్రభుత్వానికి ముందే బహుశా తెలుసునని ఆ బదులు సారాంశం. అదే ఉదయం ఏడున్నర దాటాక, రాతపాఠంతో చేసిన మరో ప్రసారంలో ఈ రెండో ఆరోపణ ఆ రూపంలో లేదు. ఆ తరువాతి పాఠం ప్రకారం, ఆ అంశం నమ్మదగినది కాదన్న సందేహం నిఘావర్గాల్లో ఉంది. అయినా అది డోసియర్‌లో చేరింది.

ఈ రెండు పాఠాల మధ్య తేడాను తెలుగు వ్యాకరణం సహాయంతో చెప్పుకుంటే మరింత స్పష్టమవుతుంది. ‘సందేహం ఉన్నా చేర్చింది’ అన్న వాక్యం అవివేకాన్ని సూచిస్తుంది. ‘తప్పని తెలిసీ చేర్చింది’ అన్న వాక్యం మోసాన్ని సూచిస్తుంది. ‘తెలిసి’ అన్న క్త్వార్థకానికి చివర దీర్ఘం చేరగానే పొరపాటు నేరమవుతుంది. వక్త సమాచారం మారలేదు. ఎదుటివాడి మనసులో ఏముందో తనకు తెలుసునన్న ప్రకటన మాత్రం దానికి వచ్చి చేరింది. గిలిగన్ వాడిన ‘బహుశా’ అన్న మెత్తని మాట ఆ ప్రకటన బరువును తగ్గించలేకపోయింది. అతని గమనికల్లో ‘ప్రభుత్వానికి తప్పని తెలుసు’ అన్న మాటకు ఆధారం కనబడలేదు. 6:07 నాటి మాటల ఎంపిక సరికాదని, ప్రత్యక్ష ప్రసారాల్లో దొర్లే పొరపాట్లలో అది ఒకటని గిలిగన్ సెప్టెంబరులో విచారణ ఎదుట ఒప్పుకున్నాడు.

మరొక లోపం కూడా ఉంది. వార్తకు మూలమైన వ్యక్తిని డోసియర్ రూపకల్పనకు బాధ్యుడైన అధికారుల్లో ఒకడిగా, తరువాతి దశలో నిఘాసంస్థకు చెందినవాడిగా బి.బి.సి. చెప్పుకొచ్చింది. కెల్లీ ఆ డోసియర్‌కు కొంత చారిత్రక సమాచారం అందించిన నిపుణుడేగాని దాని రూపకల్పనకు బాధ్యుడు కాడు, నిఘాసంస్థ ఉద్యోగి అంతకన్నా కాడు. అజ్ఞాతమూలంపై ఆధారపడే వార్తలో శ్రోతకు అందే ఏకైక కొలమానం ఆ మూలానికి ఇచ్చే హోదాయే. దాన్ని పెంచి చెప్పడం, సాక్షి పేరు దాచి అతని అంతస్తు మార్చడంతో సమానం.

బి.బి.సి.లోనే మరో విలేఖరి, ‘న్యూస్‌నైట్’ కార్యక్రమానికి చెందిన సుసాన్ వాట్స్, మే 30న కెల్లీతో ఫోనులో మాట్లాడి ఆ సంభాషణను ముద్రించుకుంది. 45 నిమిషాల అంశంపై కెల్లీకి నిజంగానే ఆక్షేపణలున్నాయని ఆ ముద్రణ రుజువు చేసింది. జూన్ మొదటివారంలో ఆమె అందించిన కథనం మూలవ్యక్తి చెప్పినదాని హద్దుల్లోనే ఉండటం వల్ల దానిపై అంతటి దుమారం లేవలేదు. తన కథనాన్ని గిలిగన్ కథనానికి బలం చేకూర్చేదిగా మలచాలని సంస్థ తనపై ఒత్తిడి తెచ్చిందని ఆమె విచారణలో చెప్పింది. ఒకే మనిషి, ఒకే ఆందోళన, రెండు ప్రసారాలు. హట్టన్ విచారణను అధ్యయనం చేసేవారు ఎక్కువగా నిలిచి చూడవలసిన చోటు ఇదే.

4. గమనికలు అడగని సంస్థ

ప్రధాని సమాచార విభాగాధిపతి ఆలిస్టెర్ కాంప్‌బెల్ ఫిర్యాదులు జూన్‌లో తీవ్రరూపం దాల్చాయి. అతని ఉత్తరాల స్వరం ఎంత దూకుడుగా ఉందంటే, బి.బి.సి. వాటిని ఫిర్యాదులుగా గాక దాడిగా చూసింది. యుద్ధవార్తలపై ఆ ప్రభుత్వం అంతకుముందు పంపిన ఫిర్యాదుల పరంపర అందుకు కొంత కారణం. వార్తావిభాగం సంచాలకుడు రిచర్డ్ సాంబ్రూక్ విలేఖరిని సమర్థిస్తూ సుదీర్ఘమైన బదులు పంపాడు. అదే రోజుల్లో ‘టుడే’ సంపాదకుడు కెవిన్ మార్ష్ సంస్థ లోపలి ఈమెయిల్‌లో గిలిగన్ భాషావినియోగంపై అసంతృప్తి వ్యక్తపరిచాడు. ఆ సందేహం బయటికి వెళ్లిన బదుల్లో కనబడలేదు. జూలై 6న సమావేశమైన పాలకమండలి కూడా గమనికలను పరిశీలించకుండానే యాజమాన్యం పక్షాన నిలిచింది.

స్వతంత్రతను కాపాడుకోవడమంటే విలేఖరి చెప్పిన ప్రతిమాటనూ సమర్థించడమేనన్న భావన ఇక్కడ పనిచేసింది. దాని మూలాలు అర్థం చేసుకోదగినవే. ప్రభుత్వ ఒత్తిడికి లొంగిందన్న అపవాదు ప్రజాప్రసార సంస్థకు మరణశాసనం వంటిది. కానీ ఫిర్యాదు చేసినవాడు ఎవరు, ఏ ఉద్దేశంతో చేశాడు అన్నది ఒక ప్రశ్న. ఫిర్యాదులో పస ఉందా అన్నది మరొకటి. బి.బి.సి. మొదటిదానికి జవాబు తెలుసుకుని రెండోదానికీ జవాబు దొరికినట్టే భావించింది.

5. పేరు బయటపడటం

గిలిగన్‌ను తాను కలిసిన సంగతి కెల్లీ జూన్ చివర తన పై అధికారులకు రాసి తెలిపాడు. జూలై 8న ఒక ఉద్యోగి ముందుకు వచ్చాడని రక్షణశాఖ పేరు చెప్పకుండా ప్రకటించింది. విలేఖరులు సరైన పేరు ఊహించి అడిగితే కాదనవద్దని పత్రికా అధికారులకు ఆదేశాలున్నాయి. ఆ విధంగా మరునాటికి పేరు తేలింది. ‘మేము వెల్లడించలేదు’ అని చెప్పుకోగల వీలును నిలుపుకుంటూ వెల్లడించే ఈ పద్ధతికి తెలుగులో చాలా సామెతలే సరిపోతాయి.

జూలై 15న పార్లమెంటు విదేశాంగ సంఘం ఎదుట కెల్లీ హాజరయ్యాడు. టెలివిజన్ కెమెరాల ముందు, వినీవినబడని గొంతుతో సాక్ష్యమిచ్చాడు. వాట్స్‌కు కూడా మూలం కెల్లీయేనని సూచిస్తూ ఆ సంఘ సభ్యుడొకరికి గిలిగన్ ఈమెయిల్ పంపిన సంగతి తరువాత బయటపడింది. సాటి విలేఖరి సమాచారమూలాన్ని అలా బట్టబయలు చేసినందుకు అతడు విచారణలో క్షమాపణ చెప్పుకున్నాడు. ఈ ఉదంతంలో పాత్రికేయ ధర్మానికి జరిగిన అసలైన భంగం, 6:07 నాటి నోటి జారుకన్నా, ఇదేనని అనిపిస్తుంది. మొదటిది తొందరపాటు, రెండోది ఆలోచించి చేసినది.

జూలై 17 మధ్యాహ్నం ఇంటినుంచి నడకకు బయలుదేరిన కెల్లీ మరునాడు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఒక అడవిలో విగతజీవిగా కనిపించాడు. అది ఆత్మహత్య అని హట్టన్ నిర్ధారించాడు.

6. హట్టన్ నివేదిక, దాని హద్దులు

2004 జనవరి 28న నివేదిక వెలువడింది. ప్రభుత్వం తప్పని తెలిసీ 45 నిమిషాల అంశాన్ని చేర్చిందన్న ఆరోపణ నిరాధారమని, రాతపాఠం చూడకుండా అటువంటి ఆరోపణను ప్రసారం కానిచ్చిన సంపాదకీయ వ్యవస్థ లోపభూయిష్టమని, యాజమాన్యం, పాలకమండలి తగిన విచారణ చేయలేదని హట్టన్ తేల్చాడు. ఆ రోజే పాలకమండలి అధ్యక్షుడు గావిన్ డేవిస్, మరునాడు డైరెక్టర్ జనరల్ గ్రెగ్ డైక్, ఆపై గిలిగన్ రాజీనామా చేశారు. మరోవైపు ప్రభుత్వానికి దాదాపు ఏ మచ్చా అంటలేదు. ‘ఇండిపెండెంట్’ పత్రిక తన మొదటి పుటను దాదాపు ఖాళీగా విడిచి నిరసన తెలిపింది. డైక్‌కు మద్దతుగా బి.బి.సి. సిబ్బంది సొంత డబ్బుతో ‘డైలీ టెలిగ్రాఫ్’లో ప్రకటన వేయించారు.

డోసియర్‌లోని నిఘా సమాచారం నమ్మదగినదా అన్న ప్రశ్న తన పరిధిలోకి రాదని హట్టన్ భావించాడు. అందువల్ల వార్తను తూచిన తక్కెడలో ప్రభుత్వపత్రాన్ని తూచడం జరగలేదు. ఆ పని ఆ తరువాతి విచారణల వంతైంది. 45 నిమిషాల అంశాన్ని అది దేనికి సంబంధించినదో చెప్పకుండా డోసియర్‌లో చేర్చవలసింది కాదని 2004 జూలైలో బట్లర్ నివేదిక చెప్పింది. ఆ నిఘా సమాచారాన్ని ఉపసంహరించుకున్నట్టు అక్టోబరులో విదేశాంగమంత్రి జాక్ స్ట్రా పార్లమెంటుకు తెలిపారు. ఇరాక్ ముప్పును అంతటి నిశ్చయంతో ప్రకటించడం సమర్థనీయం కాదని 2016 జూలైలో చిల్కాట్ నివేదిక పేర్కొంది. అయితే ప్రధాని కార్యాలయం డోసియర్ పాఠాన్ని అనుచితంగా ప్రభావితం చేసిందనడానికి ఆధారం లేదని కూడా అదే నివేదిక అన్నది. కాబట్టి చివరికి గిలిగన్ మాటే నిజమైందన్న ప్రచారం సగమే ఒప్పు. డోసియర్ తప్పన్నది తేలింది. ‘తెలిసీ’ అన్నది తేలలేదు. ఇక డోసియర్‌ను పర్యవేక్షించిన సంయుక్త నిఘా సంఘం అధ్యక్షుడు జాన్ స్కార్లెట్ విషయానికి వస్తే, అదే 2004లో ఆయన విదేశీ గూఢచార సంస్థకు అధిపతిగా నియమితుడయ్యాడు.

7. పోలికకు: టెయిల్‌విండ్ కథనం

ఒక ప్రసార సంస్థ తన తప్పును తానే విచారించుకున్న సందర్భం ఇందుకు అయిదేళ్ల ముందే అమెరికాలో జరిగింది. 1970 సెప్టెంబరులో లావోస్‌లో జరిగిన ‘ఆపరేషన్ టెయిల్‌విండ్’లో అమెరికా సైన్యం సరిన్ విషవాయువు వాడిందని, పారిపోయిన సొంత సైనికులను లక్ష్యం చేసుకుందని 1998 జూన్ 7న సి.ఎన్.ఎన్. ప్రసారం చేసింది. మాజీ సైనికాధికారుల నుంచి ఆక్షేపణలు వెల్లువెత్తాయి. సంస్థ ఫ్లాయిడ్ ఏబ్రమ్స్ అనే న్యాయవాదికి విచారణ అప్పగించింది. పెంటగాన్ పత్రాల కేసులో ‘న్యూయార్క్ టైమ్స్’ పక్షాన నిలిచిన పత్రికాస్వేచ్ఛావాది ఆయన. కథనకర్తలు దేన్నీ కల్పించలేదని, తాము చెప్పినది నిజమనే నమ్మారని, అయినా ఆ ఆరోపణకు తగిన ఆధారం లేదని ఏబ్రమ్స్ నివేదిక చెప్పింది. జూలై 2న సి.ఎన్.ఎన్. కథనాన్ని ఉపసంహరించుకుని క్షమాపణ ప్రకటించింది.

ఆ నివేదికలో భాషాపరంగా ఆసక్తికరమైన అంశం ప్రశ్నల తీరు. మాజీ సేనాధిపతి అడ్మిరల్ థామస్ మూరర్ వంటి వృద్ధులను ఊహాత్మక ప్రశ్నలు అడిగి, వారి అస్పష్టమైన బదుళ్లను ధ్రువీకరణలుగా స్వీకరించారు. అక్కడ ‘అలా జరిగి ఉంటే’ అన్నది ‘అలా జరిగింది’గా మారింది, బి.బి.సి.లో ‘సందేహం’ ‘తెలుసు’గా మారింది. రెండింటిలోనూ కల్పన లేదు, నమ్మకం ఉంది. తప్పు నమ్మకం దగ్గరే మొదలైంది. ప్రసారం నుంచి ఉపసంహరణ వరకు సి.ఎన్.ఎన్.కు పట్టినది 25 రోజులు. అయితే ఆ కథనంలోనూ శిక్ష ప్రధానంగా నిర్మాతలపైనే పడింది. కథనాన్ని ఆమోదించిన పై అంతస్తులవారు చాలావరకు తప్పించుకున్నారు.

8. నీల్ సంఘం సూచనలు, తెలుగు వార్తాభాష

హట్టన్ నివేదిక తరువాత బి.బి.సి. తన మాజీ వార్తాధిపతి రోనాల్డ్ నీల్ ఆధ్వర్యంలో నియమించిన సంఘం 2004 జూన్‌లో సూచనలు చేసింది. తీవ్రమైన ఆరోపణలను ప్రత్యక్ష సంభాషణలో తొలిసారిగా వెల్లడించరాదని, గమనికలు కచ్చితంగా ఉండాలని, అజ్ఞాతమూలం ఎవరో సంపాదకుడికి తెలిసి ఉండాలని, వీలైనంతవరకు మూలవ్యక్తి సొంత మాటలనే వాడాలని వాటి తాత్పర్యం.

చివరి సూచన తెలుగు పాఠకుడికి ఒక ఆలోచన కలిగిస్తుంది. మన భాషలో వినికిడిని సూచించడానికి ‘అట’ అన్న చిన్న మాట ఉంది. ‘వచ్చాడు’ అంటే చెప్పేవాడి పూచీ. ‘వచ్చాడట’ అంటే పూచీ మరొకరిది. ఇంత పొదుపైన సాధనం ఉన్నా వార్తాభాష దాన్ని ఊసుపోక కబుర్ల స్థాయిదిగా ఎంచి దూరం పెట్టింది. దాని స్థానంలో ‘తెలిసింది’, ‘తెలియవచ్చింది’, ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అన్న పదబంధాలు స్థిరపడ్డాయి. ‘అట’ తన అనిశ్చయాన్ని దాచుకోదు. ‘తెలిసింది’ అన్న క్రియకు ఎవరికి, ఎవరివల్ల అన్న ప్రశ్నలు వర్తించవు. కర్త లేకుండానే అది నిశ్చయాన్ని ధ్వనింపజేస్తుంది. ‘బహుశా తెలుసు’ అన్న గిలిగన్ ప్రయోగానికి తెలుగు వార్తల్లో సమానార్థకాలు కొదవ లేవన్నమాట.

2025 మే 8 రాత్రి, భారత్ పాకిస్తాన్‌ల మధ్య సైనిక ఘర్షణ జరుగుతున్న వేళ, కరాచీ రేవు ధ్వంసమైందని పలు భారతీయ టెలివిజన్ ఛానళ్లు ప్రకటించాయి. అది నిజం కాదని తెల్లవారేసరికే స్పష్టమైంది. పూంచ్‌లో ఫిరంగి దాడిలో మరణించిన ఒక మదర్సా ఉపాధ్యాయుడిని కొన్ని ఛానళ్లు ఉగ్రవాదిగా చూపించాయి. ఆ వార్త అబద్ధమని పూంచ్ పోలీసులే ఖండించవలసి వచ్చింది. సైనిక కార్యకలాపాల ప్రత్యక్ష ప్రసారంపై కేంద్ర సమాచార ప్రసార శాఖ ఏప్రిల్ 26నే సలహాపత్రం జారీచేసిన మాట నిజమే. కానీ అది భద్రతకు సంబంధించినది, చూపకూడనిది చూపడం గురించినది. జరగనిది చెప్పడాన్ని అది స్పృశించలేదు.

బ్రిటన్ ఉదంతంతో దీన్ని పూర్తిగా పోల్చలేము. అక్కడ ప్రసారం ప్రభుత్వాన్ని నిందించింది. ఇక్కడ ప్రసారం జాతి ఉత్సాహంతో జతకలిసింది. అక్కడ ఒక వాక్యానికి రెండు అత్యున్నత పదవులు పోయాయి. ఇక్కడ కొన్ని క్షమాపణలు వినిపించాయి. ఎవరికి నొప్పి కలిగిందన్నదాన్ని బట్టి జవాబుదారీతనం తీవ్రత మారుతోందన్న అనుమానానికి ఈ తేడా తావిస్తోంది.

పరిశోధకుడి ఇబ్బంది మరొకటి ఉంది. 6:07 నాటి వాక్యాన్ని ఏడున్నర దాటాక వచ్చిన వాక్యంతో పోల్చడం సాధ్యమైంది ఆ రెండింటి పాఠాలూ భద్రంగా ఉన్నందువల్లనే. మన దేశంలో పుస్తకాల, పత్రికల ప్రతులను నిర్దేశిత గ్రంథాలయాలకు అందజేయాలని 1954 నాటి చట్టం చెబుతోంది. ప్రసారాలు దాని పరిధిలో లేవు. టెలివిజన్ ఛానళ్లు తమ ప్రసారాల ప్రతిని 90 రోజులపాటు దాచి ఉంచితే చాలునని అనుమతి నిబంధనలు చెబుతున్నాయి. 2025 మే 8 రాత్రి ప్రసారాలకు ఆ గడువు ఆగస్టు మొదటివారంలో ముగిసింది.